పులి కోసం వెళ్ళి కోట ఎక్కాం

(గ్రంథాలయం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఆఁ, చాలు.

కిందటి నెల కార్యదర్శిగారు నన్ను గుమ్మంలోనే పట్టుకుని, "మీరు రణథంబోర్ వెళ్ళొచ్చారట కదా, పులుల గురించి ఓ అరగంట మాట్లాడాలి" అన్నారు. మొహమాటానికి సరే అన్నాను. ఇంటికెళ్ళి నోట్సు రాసుకుందామని కూర్చుంటే తెలిసొచ్చింది, నా దగ్గర పులి సరుకు అయిదు నిమిషాలకి కూడా సరిపోదని. అక్కడి కోట గురించయితే తెల్లవార్లూ చెప్పమన్నా చెబుతాను. కాబట్టి పులి కోసం వచ్చినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. మేం కూడా అలాగే పట్టాం మరి. (నవ్వులు)

2024 డిసెంబరులో వెళ్ళాం. నేను, మా ఆవిడ, మా తోడల్లుడి కుటుంబం. రాజస్థాన్‌లో సవాయ్ మాధోపుర్ అని స్టేషను, ఢిల్లీ నుంచి ముంబయి వెళ్ళే మెయిన్ లైన్ మీద ఉంటుంది. తెల్లవారకముందే దిగాం. స్టేషను గోడల నిండా పులులు, నెమళ్ళు, మొసళ్ళ బొమ్మలే. ఎంత బాగా వేశారంటే, మా తోడల్లుడు పులి బొమ్మ పక్కన నిలబడి ఫోటో దిగి, "చూసేశాం, ఇంక వెనక్కి పోదామా" అన్నాడు. ఆ మాట తర్వాత మూడు రోజులూ మమ్మల్ని వెంటాడింది.

సఫారీ సంగతి ముందు చెప్పేస్తాను. రణథంబోర్ పులుల పార్కుని పది జోన్లుగా విడగొట్టారు. ఆరుగురు పట్టే జిప్సీ ఒకటి, ఇరవైమంది పట్టే క్యాంటర్ ఒకటి. పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత. ముందుగానే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. లోపలి జోన్లు వానల్లో, అంటే జులై నుంచి సెప్టెంబరు దాకా, మూసేస్తారు. చెరువులున్న లోపలి జోన్ల కోసం జనం కొట్టుకుంటారు. మేం ఆలస్యంగా మేల్కొన్నాం కాబట్టి మాకు బయటి జోన్‌లో క్యాంటర్ దొరికింది. క్యాంటర్ అంటే ఏమీ లేదు, టాపు తీసేసిన బస్సు. డిసెంబరు చలిలో తెల్లవారుజామున టాపు లేని బస్సు ఎక్కడం ఎలా ఉంటుందో మా ఆవిడని అడగండి. శాలువాలో నుంచి ముక్కు ఒక్కటే బయటికి కనబడింది.

గంటన్నర తిరిగాం. చుక్కల దుప్పులు, మనుబోతులు, నెమళ్ళు. ఒక్కసారిగా గైడు చెయ్యి పైకెత్తాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఎడమపక్క పొదల్లో ఒక కణితి, అంటే సాంబర్ దుప్పి, తోక నిటారుగా లేపి, చెవులు రెండూ ఒకే దిక్కుకి పెట్టి నిలబడి ఉంది. ముందు కాలు ఎత్తి నేల మీద కొట్టింది. తర్వాత ఒక అరుపు, పాత లారీ హారన్ ఒక్కసారి నొక్కి వదిలేసినట్టు. గుట్ట మీద నుంచి కొండముచ్చు దగ్గింది. "కణితి అబద్ధం చెప్పదు, పులి ఉంది" అన్నాడు గైడు. ఇరవైమందిమి ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అంత నిశ్శబ్దంలో వెనక సీట్లో ఎవరో చిప్స్ ప్యాకెట్ చింపారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఇరవై నిమిషాలు గడిచాయి. కణితి తోక దించేసింది, మళ్ళీ మేతలో పడింది. అంతే. తిరిగి వచ్చేటప్పుడు గైడు బండి ఆపించి కిందకి చూపించాడు. మట్టి దారిలో పులి పాదం అచ్చు. నాలుగు వేళ్ళు, వెనక పెద్ద దిండులాంటి మడమ, గోళ్ళ గుర్తు లేదు. అందులో విశేషం ఏమిటంటే, అది మా ముందు వెళ్ళిన జీపు టైరు అచ్చు మీద పడి ఉంది. జీపు వెళ్ళాక, మేం రాకముందు, ఆ మధ్యలో దొరగారు రోడ్డు దాటి వెళ్ళారన్నమాట. నాకు మటుకు దాంతోనే కడుపు నిండింది. బస్సులో మిగతావాళ్ళ ముఖాలు చూస్తే టికెట్ డబ్బులు వెనక్కి అడిగేలా ఉన్నారు.

మర్నాడు కోటకి వెళ్ళాం. అసలు ప్లాన్‌లో లేదు. రెండో సఫారీకి సీట్లు దొరక్క ఖాళీగా ఉన్నాం. హోటల్‌లో టీ ఇచ్చే కుర్రాడు అన్నాడు, "గణేశ్‌జీ దగ్గరికి వెళ్ళకుండా పులి ఎలా కనబడుతుంది సార్?" అని. ఆ గుడి కోటలోనే ఉంది.

కోటకి సఫారీ బుకింగ్ అక్కర్లేదు. ఊళ్ళో నుంచి షేర్ జీపులు ఉంటాయి. కానీ ఆ దారి పార్కులోంచే పోతుంది. అంటే నిన్న ఏ అడవిలోకి వెళ్ళడానికి గుర్తింపు కార్డులు, పాసులు అన్నారో, అదే అడవిలోకి ఇవాళ కొబ్బరికాయల సంచులతో, చంకలో పిల్లలతో, చెప్పులు లేకుండా జనం నడిచిపోతున్నారు. నాకు ముందు అర్థం కాలేదు. ఇదేం ఏర్పాటు అనుకున్నాను.

కోట చుట్టుపక్కల నేల కంటే సుమారు ఏడు వందల అడుగుల ఎత్తున ఉంటుంది. పాత పేరు రణస్తంభపురం. విన్నారుగా, మన తెలుగు చెవికి ఎంత దగ్గరగా ఉందో! మన శాస్త్రాల్లో గిరిదుర్గం, వనదుర్గం, జలదుర్గం అని చెబుతారు కదా. ఇది గిరిదుర్గమూ వనదుర్గమూ కూడా. కింద నుంచి చూస్తే కోట కనబడదు. కొండ మాత్రమే కనబడుతుంది. బాగా దగ్గరికి వెళ్ళాక, ఆ కొండ అంచు కాస్త తిన్నగా ఉందేమిటా అనుకుంటే, అది గోడ. అదే రాయి, అదే రంగు. 2013లో రాజస్థాన్ గిరిదుర్గాలు ఆరింటికి కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. అందులో చిత్తోర్‌గఢ్, కుంభల్‌గఢ్, ఆమేర్ లాంటి పెద్ద పేర్లు ఉన్నాయి. కానీ అడవి ఇంత గట్టిగా కాపలా కాసిన కోట ఇదే అనిపించింది నాకు.

ఎక్కడానికి మెట్లు, మధ్యలో ద్వారాలు. నౌలఖా, హాథీ పోల్, గణేశ్ పోల్, చివరికి అంధేరీ, అంటే చీకటి ద్వారం. ప్రతి ద్వారం దగ్గరా దారి మెలిక తిరుగుతుంది. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపు గుద్దకూడదు కదా, అందుకు. తలుపులకి అరచేయి పొడవు ఇనుప మేకులు. ఒక మేకుకి ఎవరో ఎర్రదారం కట్టారు. ఏనుగు కుంభస్థలానికి తగలాల్సిన మేకు అది, ఇప్పుడు మొక్కుకి పనికొస్తోంది.

ఇక కథ. హమ్మీరదేవుడు, ఈ కోటని ఏలిన చౌహాన్ రాజు. అటు ఢిల్లీలో అల్లావుద్దీన్ ఖిల్జీ. అంతకు ముందే 1291 ప్రాంతంలో అల్లావుద్దీన్ మామ జలాలుద్దీన్ ఇక్కడికి వచ్చాడు. కోట చూశాడు, లెక్క వేసుకున్నాడు, దీనికోసం ఇంతమంది సైనికుల ప్రాణాలు పోగొట్టుకోవడం దండగ అని వెనక్కి వెళ్ళిపోయాడు. చరిత్రలో ఆయన్ని మెతకవాడని రాశారు. నాకు మాత్రం తెలివైనవాడనిపించాడు.

1299లో గుజరాత్ మీద దాడి చేసి తిరిగొస్తున్న సుల్తాను సైన్యంలో కొల్లసొమ్ము వాటా దగ్గర గొడవ వచ్చింది. కొందరు మంగోలు సైనికులు తిరగబడి పారిపోయారు. వాళ్ళ నాయకుడు మహమ్మద్ షా వచ్చి హమ్మీరుడి శరణు కోరాడు. ఇచ్చాడు. సుల్తాను అప్పగించమన్నాడు. ఈయన ఇవ్వనన్నాడు. అంతే, యుద్ధం. అక్కడ ఇప్పటికీ మొండిపట్టుకి 'హమ్మీర్ హఠ్' అని సామెతగా వాడతారు.

సుల్తాను పెద్ద సేనాపతి నుస్రత్ ఖాన్ కోట మీద నుంచి వచ్చిన రాయి తగిలి చచ్చిపోయాడు. అప్పుడిక సుల్తానే బయల్దేరి వచ్చాడు. ఇసుక సంచులు పేర్చి గోడ ఎత్తుకి దారి కట్టించాడు. లోపల తిండి అయిపోయింది. సుల్తాను కొలువులోని కవి అమీర్ ఖుస్రో రాశాడు, ఒక్క బియ్యపు గింజకి రెండు బంగారు గింజలు ఇస్తామన్నా దొరకలేదని. 1301 జులైలో కోట పడింది. పడేముందు స్త్రీలు అగ్నిలో దూకారు. ఈ ఘట్టం దగ్గరికి వచ్చేసరికి గైడ్ల గొంతు పెరుగుతుంది, ఛాతీ ఉబ్బుతుంది. నాకు ఆ గర్వం పట్టుబడలేదు. ఆ గోడల మధ్య నిలబడి వింటే పొట్టలో ఏదో తిప్పినట్టయింది. మా ఆవిడ నీళ్ళ సీసా పట్టుకుని పక్కకి వెళ్ళిపోయింది.

ఇంకొక్క ముక్క. గాయాలతో పట్టుబడిన మహమ్మద్ షాని సుల్తాను అడిగాడట, "నీకు వైద్యం చేయించి బతికిస్తే ఏం చేస్తావు?" అని. "నిన్ను చంపి, హమ్మీరుడి కొడుకుని గద్దెనెక్కిస్తాను" అన్నాడట. ఏనుగు కాళ్ళ కింద తొక్కించాడు. ఆ తర్వాత మాత్రం మర్యాదగా పాతిపెట్టించాడు. హమ్మీరుణ్ణి వదిలి తన వైపు దూకిన సేనానులనీ వదల్లేదు, వాళ్ళనీ చంపించాడు. పాత రాజుకి చేసినవాళ్ళు రేపు నాకు చేయరా అని.

ఇదంతా ఎక్కడో ఉత్తరాది గొడవ, మనకెందుకు అనుకోకండి. ఇదే సుల్తాను, ఎనిమిదేళ్ళ తర్వాత మాలిక్ కాఫూర్‌ని ఓరుగల్లు మీదకి పంపాడు. 1310లో ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు. ఆ ముట్టడి గురించి రాసింది కూడా ఇదే ఖుస్రో. అక్కడ కొండ మీద కోట, ఇక్కడ నేల మీద మట్టి గోడ, రాతి గోడ, కందకం. నేను రణథంబోర్ గోడ మీద నిలబడి వరంగల్ కోటలో తోరణాల మధ్య విరిగిపడిన రాళ్ళనే తలచుకున్నాను. మనం ఓరుగల్లు కథ విడిగా చదువుకుంటాం. అక్కడికి వెళ్తే అది రెండో అధ్యాయంలా అనిపిస్తుంది.

అక్బర్ సంగతి త్వరగా ముగిస్తాను. 1569లో ఆయన వచ్చి, ఎదురుగా ఉన్న రణ్ అనే కొండ మీదకి ఎడ్లతో ఫిరంగులు లాగించాడు. ఆ ఎడ్లు పడే అవస్థని అక్బర్‌నామా కోసం వేసిన బొమ్మ ఒకటి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అప్పుడు కోటలో ఉన్నది సుర్జన్ హాడా. ఆయన హఠం పట్టలేదు, తాళాలిచ్చేశాడు. ఫిరంగి వచ్చాక ఎత్తుకి విలువ పోయింది. కోటలకి ముసలితనం అక్కడే మొదలయింది.

ఇక్కణ్ణుంచి నా అసలు మాట. అందరూ రణథంబోర్ అంటే పులుల పార్కు, పక్కన ఒక పాత కోట అంటారు. సఫారీ ఒక టిక్కు, కోట ఒక టిక్కు. నాకు కోట గోడ మీద నిలబడి కిందకి చూశాక ఆ లెక్క తప్పనిపించింది. కింద పదమ్ తలావ్, రాజ్‌బాగ్, మలిక్ తలావ్ అని మూడు చెరువులు. అవి మనుషులు కట్టుకున్న చెరువులు. గట్టున వేసవి విడుదులు, మండపాలు. రాజులు వెళ్ళిపోయారు, నీళ్ళు ఉండిపోయాయి. ఆ నీళ్ళ కోసం కణితులు వస్తాయి, మెడ లోతు దాకా దిగి నీటి మొక్కలు తింటాయి. వాటి కోసం మొసళ్ళు ఉన్నాయి, పులులు వస్తాయి. ఒకప్పుడు శత్రువుని ఆపడానికి కోట అడవిని ఉంచుకుంది. ఇప్పుడు కోటవాళ్ళ చెరువు మీద అడవి బతుకుతోంది.

మధ్యలో ఇంకో తమాషా ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో కోట జైపూర్ రాజుల చేతికి వచ్చింది. మాధోసింగ్ 1763లో కింద ఊరు కట్టించాడు, అదే సవాయ్ మాధోపుర్. అడవిని వాళ్ళు వేటకి దాచుకున్నారు. రాజుగారి పులిని రాజుగారే కొట్టాలి కాబట్టి ఇంకెవరినీ గొడ్డలి పెట్టనివ్వలేదు. 1955లో అభయారణ్యం అన్నారు. అయినా 1961లో ఎలిజబెత్ రాణి దంపతులు వస్తే జైపూర్ మహారాజు వేట ఏర్పాటు చేశారు, రాణిగారి భర్త పులిని కొట్టారు. పన్నెండేళ్ళు తిరిగేసరికి, 1973లో, ప్రాజెక్ట్ టైగర్ మొదలుపెట్టిన తొమ్మిది అడవుల్లో ఇదొకటి. 1980లో జాతీయ పార్కు. తుపాకీ పట్టిన చేతులే కాపలా కాసినట్టయింది. ఒప్పుకోవడానికి మనసు రాదు గానీ, జరిగింది అదే.

కాపలా అంటే ఊరికే కాదు. ఫతేసింగ్ రాథోడ్ అనే అటవీ అధికారి లోపలి గ్రామాలను ఒప్పించి బయటికి తరలించారు. అందరూ సంతోషంగా వెళ్ళారని నేను చెప్పను. పశువులకి మేత పోయిన కోపంతో 1981లో ఆయన్ని చచ్చేలా కొట్టారు. బతికి, మళ్ళీ అదే పనికి వచ్చారు. అక్కడ ఎక్కువగా కనబడే ధోక్ చెట్టు మన చిరుమానుకి దాయాది. మేకలు తింటూ ఉంటే అది మోకాలెత్తు పొదలాగే ఉండిపోతుంది. వదిలేస్తే చెట్టవుతుంది. కొండ మీద నుంచి చూస్తే పార్కు హద్దు ఎక్కడుందో బోర్డు అక్కర్లేదు. ధోక్ ఎత్తు చెబుతుంది.

మఛ్లీ పేరు వినే ఉంటారు. ఈ చెరువుల రాణి. మొసలితో పోట్లాడి చంపిన పులి. చివరి రోజుల్లో కోరలు ఊడిపోయి, ఒక కన్ను పోయి కూడా బతికింది. 2016 ఆగస్టులో చనిపోతే మనుషులకి చేసినట్టు చితి పేర్చి దహనం చేశారు. 2004-05లో రాజస్థాన్‌లోనే ఉన్న సరిస్కా అడవిలో వేటగాళ్ళు ఒక్క పులిని కూడా మిగల్చకపోతే, 2008లో రణథంబోర్ నుంచే హెలికాప్టర్‌లో పులుల్ని తీసుకెళ్ళి వదిలారు.

అవునవును, ఒక మర్రిచెట్టు కూడా ఉంది, జోగీ మహల్ అనే పాత విడిది దగ్గర. దేశంలో రెండో పెద్ద మర్రి అన్నాడు గైడు. "మా అనంతపురం వైపు తిమ్మమ్మ మర్రిమాను ఉంది, ఓసారి వచ్చి చూసుకో" అన్నాను. ఆ తర్వాత నాతో సరిగా మాట్లాడలేదు. (నవ్వులు)

గుడి గురించి చెప్పాలి. త్రినేత్ర గణేశుడు. మూడు కళ్ళ వినాయకుడు, ఇద్దరు భార్యలు, ఇద్దరు కొడుకులతో సహా. మనం పెళ్ళి కార్డు మొదట దేవుడి దగ్గర పెడతాం కదా, వాళ్ళు ఈ స్వామికి పోస్టు చేస్తారు. దేశం నలుమూలల నుంచీ వస్తాయి. పోస్ట్‌మ్యాన్ ఈ పులుల దారిలోనే ఉత్తరాలు మోసుకొస్తాడు. పూజారి స్వామికి చదివి వినిపిస్తాడు. నేను నిలబడి ఉండగానే ఒకాయన పసుపు పూసిన కార్డు చేతికిచ్చాడు. పూజారి వరుడి పేరు, ఊరు, తేదీ, భోజనాల వేళతో సహా చదివేశాడు! దారి పక్కన జనం రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి వెళ్తారు, సొంతిల్లు కావాలని. మనవాళ్ళు తిరుమలలో శ్రీవారి పాదాల దగ్గర పేర్చినట్టే. మా ఆవిడ మూడంతస్తులు పేర్చింది. కిందనే ఒక కొండముచ్చు కూర్చుని, ఆమె చేతిలో ప్రసాదం ఎప్పుడు కింద పెడుతుందా అని చూస్తోంది. పెట్టింది. పోయింది.

మేం వచ్చేసిన నాలుగు నెలలకి, 2025 ఏప్రిల్‌లో, పేపర్లో వార్త. గుడికి వెళ్ళి తిరిగొస్తున్న కుటుంబంలోంచి ఏడేళ్ళ పిల్లవాణ్ణి పులి లాక్కెళ్ళింది. మేం నడిచిన దారి. మే నెలలో ఒక అటవీ రేంజరు, జూన్‌లో కోటలోని జైన గుడి కాపలాదారు. జబ్బు పడిన తల్లిపులికి ఎర పెట్టి మేపారు, దాంతో దాని పిల్లలకి మనుషుల భయం పోయింది అని నిపుణులు అన్నారు. గుడి మూసేయాలని కొందరు, పులుల్ని తరలించాలని కొందరు. నాకు రెండూ మింగుడుపడవు. చీకటి పడ్డాక, తెల్లవారకముందు నడవొద్దు అంటే కచ్చితంగా అమలు చేయడం, పులికి చేత్తో తిండి పెట్టకపోవడం, ఈ రెండూ అయితే మన చేతిలో ఉన్నవే. వెళ్ళేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, పిల్లల చెయ్యి వదలకండి. జీపులోనే వెళ్ళి జీపులోనే రండి.

సరే. ముందు వరసలో చిన్నబాబు ఇందాకట్నుంచీ చెయ్యెత్తి ఉన్నాడు. అడుగు నాన్నా. పులి కనబడిందా అనేనా? (నవ్వులు)

చెబుతాను. దర్శనం అయ్యాక కోట గోడ దగ్గరికి వచ్చాం. అక్కడ కొంతమంది ఊరి ఆడవాళ్ళు, పచ్చ ఓణీలు, ఎర్ర ఓణీలు, గోడ మీద వాలి కిందకి చూస్తున్నారు. ఒక ముసలావిడ వేలుపెట్టి చూపించింది. పదమ్ తలావ్ గట్టున, ఎండిన గడ్డిలో, బొటనవేలి గోరంత నారింజ రంగు చుక్క. కదిలింది. నీళ్ళ దాకా వచ్చి, తాగి, వెనక్కి తిరిగి గడ్డిలో పడుకుంది. అంత దూరం నుంచి చారలు కూడా కనబడలేదు. ముసలావిడ ఒక నిమిషం చూసి, చెయ్యెత్తి దణ్ణం పెట్టి, కొంగులో కట్టుకున్న ప్రసాదం సర్దుకుని మెట్ల వైపు వెళ్ళిపోయింది.

కింద దారిలో పదకొండు జిప్సీలు, నాలుగు క్యాంటర్లు బారులు తీరి ఆగి ఉన్నాయి, నేను లెక్కపెట్టాను. అందరూ నిలబడి, పెద్ద పెద్ద కెమెరాలు ఎత్తుకుని, చెరువుకి అవతలి వైపు చూస్తున్నారు. పులి ఇవతల గడ్డిలో, వాళ్ళ వీపుల వెనకే పడుకుని ఉంది. మా తోడల్లుడు గోడ మీద నుంచి "వెనక్కి తిరగండ్రా బాబూ" అని తెలుగులో అరిచాడు. ఏడు వందల అడుగులు, వాళ్ళకేం వినపడుతుంది?